ఓడ ఆగిపోయిన రోజు

ఈమధ్య మా నెలవారీ సమావేశంలో ఒక మిత్రుడు చాలా ధీమాగా ఒక మాటన్నాడు. "మళ్ళీ కరోనాలాంటిది వస్తే ప్రభుత్వం ఒక్కదాని వల్లా కాదు. ప్రైవేటు ఆసుపత్రులతో ముందే ఒప్పందాలు చేసి పెట్టుకోవాలి. అంతకు మించి దారి లేదు." ఎవరూ అడ్డు చెప్పలేదు. దేవుడి గురించి ఎవరైనా ఇంత ధీమాగా మాట్లాడితే ఆధారం చూపించమని మీద పడిపోయే మేమంతా ఈ మాట దగ్గర మాత్రం తలలూపి, టీ తాగి, ఇళ్ళకొచ్చేశాం. నాకది మనసులో మెదులుతూనే ఉంది. గుడి గోపురం కింద పుట్టినా, కంప్యూటర్ తెర మీద పుట్టినా నమ్మకం నమ్మకమే కదా! పరీక్షించాల్సిందే.

ఎక్కడ పరీక్షించాలి? హైదరాబాదులోనో విజయవాడలోనో అయితే సర్కారు దవాఖానా, కార్పొరేట్ ఆసుపత్రి, ఆర్.ఎం.పి. డాక్టరు అందరూ ఒకే రోడ్డు మీద ఉంటారు. ఎవరి వల్ల మేలు జరిగిందో, ఎవరి వల్ల కీడు జరిగిందో విడదీసి చూడటం కష్టం. అందుకని సముద్రం మధ్యకి వెళదాం. అండమాన్ నికోబార్ దీవుల చరిత్ర ఒక రకంగా అంటువ్యాధుల ప్రయోగశాల. చుట్టూ నీళ్ళు. జబ్బు ఏ ఓడలో వచ్చిందో, ఎప్పుడు వచ్చిందో చాలాసార్లు చెప్పగలం. మందు ఎవరు తెచ్చారో కూడా చెప్పగలం. పైగా అది మనకు పరాయి చోటేం కాదు. 2011 జనాభా లెక్కల్లో అక్కడి మొత్తం జనం 3 లక్షల 80 వేలు. అందులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్ళు నూటికి పదమూడు మంది. ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వేటకీ, కూలికీ వెళ్ళి స్థిరపడ్డవాళ్ళు. విశాఖ రేవులో పోర్ట్‌బ్లెయిర్ ఓడ ఎక్కడమంటే ఆ వైపు ఊళ్ళలో ఒకప్పుడు రంగూన్ వెళ్ళడం లాంటిదే. 2024లో ఆ ఊరికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ, చరిత్ర చెప్పుకునేటప్పుడు పాత పేరే వాడతాను.

ఆ దీవుల్లో ఇంగ్లీషువాళ్ళ మొదటి వలసను ఓడించింది అండమానీయుల బాణాలు కాదు, జ్వరాలు. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ చాథమ్ దీవి దగ్గర వలస పెట్టాడు. 1792లో దాన్ని ఉత్తర అండమాన్‌లోని రేవుకి మార్చారు. అక్కడ జబ్బులు పట్టి జనం చనిపోతుంటే 1796లో అంతా ఎత్తేసి వెళ్ళిపోయారు. తర్వాత అరవై ఏళ్ళు అటు చూడలేదు. 1857 తిరుగుబాటు తర్వాత ఖైదీలను ఎక్కడ పడేయాలో తెలియక మళ్ళీ ఆ దీవులు గుర్తొచ్చాయి. 1858 మార్చి 10న రెండు వందల మంది ఖైదీలతో దిగిన మొదటి సూపరింటెండెంట్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్ వృత్తి రీత్యా డాక్టరు. అంతకు ముందు ఆగ్రా జైలు చూసుకున్నవాడు. డాక్టరు చేతిలో ఉన్నంత మాత్రాన ఆ వలస ఆరోగ్యంగా ఏమీ లేదు. అడవి నరుకుడు, జ్వరం, విరేచనాలు, కొరడా, ఉరి, ఇవన్నీ కలిసి మొదటి ఏళ్ళలో ఖైదీలను పిట్టల్లా రాల్చాయి.

మన మిత్రుడు చెప్పే "భాగస్వామి" ఈ కథలోకి మొదటిసారి వచ్చింది 1863లో. రెవరెండ్ హెన్రీ కార్బిన్ అనే చాప్లిన్ రాస్ దీవి మీద "అండమాన్ హోమ్" పెట్టాడు. అడవిలో ఉండే అండమానీయులను తెచ్చి, షెడ్డులో పెట్టి, తిండీ బట్టా ఇచ్చి, నాగరికత నేర్పడం ఆ హోమ్ ఉద్దేశం. ధర్మకార్యం పాదిరీది, డబ్బు సర్కారుది. తర్వాత పిల్లల కోసం అనాథాశ్రమం కూడా వచ్చింది. ఉద్దేశం దుర్మార్గమైనదని నేననను. కానీ అంతకు ముందు చిన్న చిన్న గుంపులుగా, ఒకరికొకరు దూరంగా తిరిగే జనాన్ని ఒకచోటికి రప్పించడం, వాళ్ళు మళ్ళీ అడవిలోకి తిరిగి వెళ్ళడం, ఖైదీలతో కలవడం అలవాటైంది. అంటే ఎవరికీ తెలియకుండానే జబ్బు నడిచే బాట వేసి పెట్టారన్నమాట. 1876లో అండమానీయుల్లో సవాయి రోగం ఉందని డాక్టర్లు గుర్తించారు. అప్పటికే అది చాలా దూరం పాకింది.

మరుసటి ఏడు, 1877 మార్చిలో తట్టు వచ్చింది. మద్రాసు నుంచి వచ్చిన ఖైదీల గుంపుతో అది దీవుల్లో అడుగు పెట్టిందని ఎం.వి. పోర్ట్‌మన్ 1899లో అచ్చు వేసిన చరిత్రలో రాశాడు. అవి మద్రాసు రాష్ట్రంలో ధాతు కరువు రోజులు. కరువు పుట్టించిన జబ్బులు జైళ్ళలోకి, జైళ్ళ నుంచి ఓడల్లోకి ఎక్కడం వింతేమీ కాదు. మన ఊళ్ళలో తట్టు వస్తే అమ్మవారు వచ్చిందని వేపమండలు కట్టేవాళ్ళు. పిల్లలు చాలామంది బతికేవాళ్ళు, అమ్మవారికి మంచిపేరు వచ్చేది. అసలు కారణం, వందల ఏళ్ళుగా ఆ జబ్బు మన మధ్యే తిరుగుతూ ఉండటం, పెద్దవాళ్ళందరికీ చిన్నప్పుడే వచ్చి పోయి ఉండటం. అండమాన్ అడవిలో అలా వచ్చి పోయినవాడు ఒక్కడూ లేడు. పసివాడికీ, తల్లికీ, తాతకీ ఒకేసారి వచ్చింది. అందరూ ఒకేసారి పడిపోతే నీళ్ళు తెచ్చిచ్చేవాడు కూడా ఉండడు. సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా గ్రేట్ అండమానీయులు పోయారని పోర్ట్‌మన్ అంచనా. 1858లో వేలల్లో ఉన్న ఆ జనం 1901 లెక్కల నాటికి 625. 1931కి 90. 1961కి 19.

గమనించండి, ఇక్కడ తప్పిందేమిటి? ఆసుపత్రి లేకపోవడం కాదు, డాక్టర్లు లేకపోవడం కాదు. పడకలూ ఉన్నాయి, దాత కూడా ఉన్నాడు. ఓడను ఆపి, దిగిన ఖైదీలను కొన్నాళ్ళు విడిగా ఉంచలేదు, అంతే. తట్టు అంటుజబ్బని అప్పటికి తెలియనిదీ కాదు. 1846లోనే ఫారో దీవుల్లో తట్టు వస్తే పీటర్ పానుం అనే కుర్ర డాక్టరు ఇల్లిల్లూ తిరిగి, సోకిన రెండు వారాలకి దద్దుర్లు వస్తాయని, ఒకసారి వచ్చినవాడికి మళ్ళీ రాదని తేల్చి అచ్చు వేశాడు. తెలిసిన సంగతి పోర్ట్‌బ్లెయిర్ రేవులో పని చెయ్యలేదు.

ఇక నికోబార్‌కి వెళదాం. ఇక్కడ నాలాంటివాడికి కాస్త ఇబ్బంది కలిగించే కథ ఒకటుంది. మొదట 1768లో మొరేవియన్ మిషనరీలు, తరంగంబాడిలోని డేనిష్ వలస అండతో, నాన్‌కౌరీలో దిగారు. దేవుడు కాపాడతాడన్న నమ్మకం గట్టిదే. 1787లో మూటాముల్లె సర్దుకునే నాటికి వాళ్ళలో పదకొండు మందిని అక్కడే పాతిపెట్టారు. తిరిగి తరంగంబాడి చేరాక మరో పదమూడు మంది పోయారు. వాళ్ళలో చివరిదాకా మిగిలిన హేన్సెల్ అనే ఆయన ఆ సంగతులన్నీ తర్వాత ఉత్తరాలుగా రాశాడు. దోమకు మతం లేదని ఇంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేరు.

నూరేళ్ళ తర్వాత, 1890ల చివర్లో, కార్‌నికోబార్‌లోని మూస్ అనే ఊరికి వేదప్పన్ సాలమన్ అనే తమిళ క్రైస్తవ ఉపదేశి వెళ్ళాడు. ప్రభుత్వం ఆయన్ని తన ఏజెంటుగా కూడా పెట్టుకుంది. బడి పంతులు, రేవు అధికారి, గాలీ వానా లెక్కలు రాసేవాడు, మందులిచ్చేవాడు, తగువులు తీర్చేవాడు, అన్నీ ఆయనే. మతసంస్థ మనిషిని సర్కారు జీతం ఇచ్చి నిలబెట్టడమంటే ఇవాళ్టి భాషలో భాగస్వామ్యమే కదా. ఆయన రాసుకున్న డైరీల్లో కొన్ని భాగాలు 1902లో లండన్ మానవశాస్త్ర సంఘం పత్రికలో అచ్చయ్యాయి. ఆ కాలపు కార్‌నికోబార్ గురించి చదువుతుంటే మెదక్ జిల్లా బాణామతి కేసులు కళ్ళ ముందు కదులుతాయి. ఊళ్ళో జబ్బులు, చావులు ఎక్కువైతే ఎవడో దయ్యం పట్టినవాడు చేస్తున్నాడని తీర్మానించి ఊరివాళ్ళే కలిసి వాడిని చంపేవారు. అధికారులు దానికి "దయ్యపు హత్యలు" అని పేరు పెట్టి 1901 జనగణన నివేదికలో రాశారు. నికోబారీయులను అనాగరికులని చిన్నచూపు చూడటానికి ఇది చెప్పడం లేదు. చేతబడి అనుమానంతో మనిషిని చెట్టుకు కట్టి కొట్టి చంపిన వార్తలు మన తెలుగు పత్రికల్లో మొన్నమొన్నటి దాకా చదివాం. జబ్బుకి కారణం తెలియనప్పుడు మనిషి పక్కవాడిలో కారణం వెతుకుతాడు, దీవి అయినా, దక్కన్ పీఠభూమి అయినా.

సాలమన్ మందులు ఎందరిని బతికించాయో లెక్క లేదు, లేని లెక్క నేను వెయ్యను. కానీ రెండు సంగతులు నిజం. ఒకటి, ఆయన అక్కడే ఉన్నాడు. వారం రోజులుండి ఫొటోలు తీయించుకుని వచ్చే రకం కాదు, అక్కడివాళ్ళ భాష నేర్చుకున్నాడు. రెండు, చూసింది రోజూ రాశాడు. ఆయన దగ్గర చదువుకున్న నికోబారీ కుర్రాడే తర్వాత బిషప్ జాన్ రిచర్డ్‌సన్ అయ్యి, మొదటి లోక్‌సభలో దీవుల తరఫున నామినేట్ అయిన సభ్యుడుగా కూర్చున్నాడు. ఇవాళ కార్‌నికోబార్ ఆసుపత్రి పేరు కూడా ఆయనదే, నడిపేది మాత్రం సర్కారు. చర్చి చేసిన పనిని మెచ్చుకోవడం మాబోటి వాళ్ళకి కొంచెం చేదు. కానీ అక్కడ పనిచేసింది ప్రార్థన అని నేననుకోను. నిలిచి ఉండటం, రాసి పెట్టడం.

రాసి పెట్టడం అన్నాను కదా, ఈ వ్యాసానికి ప్రాణం అక్కడుంది. రెండు ఉదాహరణలు చెబుతాను. ఒకటి గుర్తున్న జ్ఞానం, ఒకటి మరచిన జ్ఞానం.

గుర్తున్నది మలేరియా. ఎస్.ఆర్. క్రిస్టోఫర్స్ పోర్ట్‌బ్లెయిర్ చుట్టూ తిరిగి, 1912లో "అండమాన్‌లో మలేరియా" అని నివేదిక అచ్చు వేశాడు. అక్కడ మలేరియా మోసే దోమ మన చెరువు దోమ కాదు. ఉప్పునీరూ మంచినీరూ కలిసిన తీరపు మడుగుల్లో గుడ్లు పెట్టే రకం. ఈనాడు దాన్ని అనాఫిలిస్ సండైకస్ అంటారు. ఉప్పుమడుగుకి దగ్గరగా ఉన్న బ్యారక్‌లో జ్వరాలు, దూరంగా ఉన్నదానిలో తక్కువ. తొంభై రెండేళ్ళ తర్వాత, 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఈ ఒక్క వాక్యం బంగారమైంది. సముద్రం వరిపొలాల్లోకి చొచ్చుకొచ్చి నిలిచిపోయింది, దక్షిణ అండమాన్‌లో నేల కుంగి మరికొంత లోపలికి వచ్చింది. వరి పోతే పోయింది, మలేరియా దోమకి కొత్త ఇళ్ళు దొరికాయన్న సంగతి పరిశోధకులు వెంటనే పట్టుకుని, 2005లోనే మడుగుల్లో లార్వాలు లెక్కపెట్టి హెచ్చరిక రాశారు. సునామీ తర్వాత జ్యోతిష్కులు టీవీల్లో కూర్చుని తర్వాతి ప్రళయం తేదీలు చెబుతున్న రోజులవి, గుర్తుండే ఉంటుంది.

మరచినది ఎలుక జ్వరం, అంటే లెప్టోస్పైరోసిస్. 1988 నుంచి ఉత్తర అండమాన్‌లోని దిగ్లీపూర్ వైపు, వానలు వెనకబడే రోజుల్లో, ఒక వింత జ్వరం రావడం మొదలైంది. పొలం పని చేసే ఆరోగ్యవంతుడైన మనిషికి జ్వరం, ఒళ్ళునొప్పులు, దగ్గుతో రక్తం, తర్వాత చావు. కారణం తెలియక దానికి "అండమాన్ రక్తస్రావ జ్వరం" అని పేరు పెట్టారు. పేరు పెట్టగానే జబ్బు తెలిసిపోయినట్టు ఒక తృప్తి కలుగుతుంది, అది కూడా ఒక మూఢనమ్మకమే. పోర్ట్‌బ్లెయిర్‌లో 1983లో భారత వైద్య పరిశోధన మండలి పెట్టిన ప్రాంతీయ కేంద్రం శాస్త్రవేత్తలు 1993 నాటి ఉద్ధృతిలో రోగుల నమూనాలు పరీక్షించి, అది లెప్టోస్పైరా పని అని తేల్చారు, 1995లో ప్రకటించారు. ఎలుకల, పశువుల మూత్రంతో కలిసిన మడి నీళ్ళలో, కాలి మీద గీరుకున్న పుండులోంచి లోపలికి పోయే సూక్ష్మజీవి. ముందే పట్టుకుంటే పెన్సిలిన్, డాక్సీసైక్లిన్ లాంటి చవక మందులకి లొంగుతుంది.

ఇందులో బాధపడాల్సిన సంగతి ఏమిటంటే, ఇది కొత్త జబ్బే కాదు. 1931లోనే టేలర్, గోయల్ అనే ఇద్దరు "అండమాన్‌లో లెప్టోస్పైరోసిస్" అని ఒక పెద్ద నివేదిక అచ్చు వేశారు. పోర్ట్‌బ్లెయిర్ ఖైదీల రక్తంలోంచి ఆ జీవిని తీసి పెంచారు కూడా. ఒక రకానికి "అండమానా" అని ఆ దీవుల పేరే పెట్టారు. ప్రపంచమంతా సూక్ష్మజీవ శాస్త్రవేత్తల పట్టికల్లో ఆ పేరు ఉండగా, అండమాన్‌లో డాక్టరుకి మాత్రం 1988లో ఆ జబ్బు గుర్తురాలేదు! మధ్యలో ఏం జరిగింది? జపాన్ ఆక్రమణ, ఖైదీల వలస రద్దు, స్వాతంత్ర్యం, కొత్త జనం. తూర్పు బెంగాల్ శరణార్థులు, మనవాళ్ళు, రాంచీ కూలీలు కొత్తగా అడవి కొట్టి వరి వేశారు. డాక్టర్లు రెండు మూడేళ్ళ డ్యూటీ మీద వచ్చి పోయేవాళ్ళు. పుస్తకం లైబ్రరీలో ఉంది, మనిషి మారిపోయాడు.

ఆ కేంద్రం అక్కడితో ఆగలేదు, అది నాకు మరీ నచ్చింది. వారానికో డాక్సీసైక్లిన్ మాత్ర వేస్తే ఎలుక జ్వరం రాదని ఒక వాదం ఉండేది. దిగ్లీపూర్ వైపు దాదాపు ఎనిమిది వందల మందిని తీసుకుని, లాటరీ పద్ధతిలో సగం మందికి అసలు మాత్ర, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. 2000లో ఫలితం అచ్చయింది. సూక్ష్మజీవి ఒంట్లోకి చేరడం రెండు గుంపుల్లోనూ ఇంచుమించు ఒకటే. కానీ జబ్బు పడ్డవాళ్ళు మాత్రం మాత్ర వేసుకున్న గుంపులో సగానికి తగ్గారు. పూర్తిగా పనిచేసిందనీ లేదు, చెయ్యలేదనీ లేదు, ఎంతవరకు చేసిందో అంత. మనం హోమియో వాళ్ళనీ, చేపమందు వాళ్ళనీ అడిగేది ఇదే కదా! రహదారి కూడా సరిగా లేని దిగ్లీపూర్‌లో చేశారు, హైదరాబాదులో చెయ్యలేరా?

ఇప్పుడు మిత్రుడి ప్రశ్నకి వద్దాం. ఈ మొత్తం చరిత్రలో ప్రైవేటు ఆసుపత్రి ఎక్కడ? దాదాపు లేదు. దీవుల్లో చిన్న క్లినిక్కులు ఉన్నాయి గానీ, పెద్ద జబ్బంటే జి.బి. పంత్ ఆసుపత్రి, అది సర్కారుది. 2015లో వచ్చిన వైద్య కళాశాల కూడా దానికి అనుబంధమే. ఎందుకు లేదంటే, రోగులు తక్కువ, దూరం ఎక్కువ, లాభం లేదు. ఇది నింద కాదు, లెక్క. మరి గుండె ఆపరేషనో, క్యాన్సరో వస్తే? దానికి ఆరోగ్య బీమా పథకం ఉంది, అనిషి అంటారు. ఆదాయ పరిమితి లోపలి కుటుంబాలకి ఐదు లక్షల దాకా, పథకంలో చేరిన ప్రధాన భూభాగపు ఆసుపత్రుల్లో వైద్యం. మన ఆరోగ్యశ్రీకి సముద్రం దాటిన తమ్ముడనుకోండి. గుండె జబ్బుకి మంచిదే, ఎందరికో పనికొచ్చింది. ప్రభుత్వం, ప్రైవేటు కలిసి పనిచేయడం అంటే అక్కడ ఇదే.

కానీ అంటువ్యాధికి? 2020 మార్చి 25న దేశమంతా విమానాలు ఆగిపోయాయి. మే 25 దాకా ఎగరలేదు. ఒప్పందం చేసుకున్న ఆసుపత్రి చెన్నైలో ఉంది, మధ్యలో సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం. అంటువ్యాధి వస్తే చెయ్యాల్సిన మొదటి పని ఓడను ఆపడం. 1877లో ఆపలేదు కనుక చచ్చారు. ఓడను ఆపితే ఒప్పందం కూడా ఆగిపోతుంది. అంటే రోగిని ఓడలో పంపే భాగస్వామ్యం ఏ రోజున అవసరమో సరిగ్గా ఆ రోజే పనికిరాదు. మార్చి చివర్లో ఢిల్లీ నుంచి వచ్చినవాళ్ళలో మొదటి కేసులు బయటపడ్డప్పుడు పరీక్ష చెయ్యగలిగింది ఆ ప్రాంతీయ కేంద్రం ఒక్కటే. ఎలుక జ్వరం కోసం పెంచుకున్న నేర్పే అప్పుడు అక్కరకొచ్చింది. వైద్య సిబ్బంది కొరత, పడకల కొరత ఆ ఆగస్టులో గట్టిగానే బయటపడ్డాయి, సర్కారుని వెనకేసుకు రావాల్సిన పని నాకు లేదు. అధికారిక లెక్క ప్రకారం దీవుల్లో కోవిడ్ మరణాలు మొత్తం 129.

"దీవి సంగతి వేరు, మన దగ్గర ఆసుపత్రులు వీధికొకటి ఉన్నాయి కదా" అంటాడు మిత్రుడు. నిజమే, సముద్రం లేదు. మరో రకం దూరం ఉంది. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు అనగానే ఊరు విడిచిన లక్షల మందిలో ప్రైవేటు డాక్టర్లు కూడా చాలామంది ఉన్నారు. ఆ తర్వాత ఆ ఊరిని బాగుచేసింది మునిసిపల్ కమిషనర్ సూర్యదేవర రామచంద్రరావు, చీపుర్లు, మురుగు కాలవలు. 2020 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు ఆసుపత్రుల్లో కోవిడ్ రోజువారీ రేట్లు కట్టింది: మామూలు ఐసొలేషన్‌కి 4,000, ఐ.సి.యు.కి 7,500, వెంటిలేటర్ పెడితే 9,000 రూపాయలు. ఆగస్టు వచ్చేసరికి అంతకు మించి వసూలు చేశారన్న ఫిర్యాదుల మీద కొన్నిటికి కోవిడ్ వైద్యం అనుమతి రద్దు చెయ్యాల్సి వచ్చింది. అదే ఆసుపత్రుల్లో నర్సులు, జూనియర్ డాక్టర్లు ప్రాణాలకి తెగించి పనిచేశారన్నదీ నిజమే. నేను మాట్లాడుతున్నది మనుషుల గురించి కాదు, ఒప్పందం గురించి. ఖాళీ పడకకి అద్దె రాదు. జబ్బు రాని పదేళ్ళపాటు ఖాళీగా ఉంచాల్సిన పడకే అంటువ్యాధికి సన్నద్ధత. ఆ పదేళ్ళ ఖర్చు ఎవరు పెట్టాలన్నది ఒప్పందంలో రాయకపోతే అది ఉత్త కాగితం.

అలాగని ప్రైవేటు వైద్యంతో పనే లేదని నేననడం లేదు. పడక కంటే విలువైనది వాళ్ళ దగ్గర ఒకటుంది, కబురు. జ్వరం వచ్చినవాడు మొదట వెళ్ళేది వీధి చివరి క్లినిక్కుకే. ఒకే వారంలో ఒకే పేట నుంచి పదిమంది ఒకే రకం జ్వరంతో వస్తే ఆ డాక్టరుకి అందరికంటే ముందు తెలుస్తుంది. అంటుజబ్బు సంగతి తెలిసిన డాక్టరు వెంటనే అధికారులకి చెప్పాలని 1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టంలోనే ఉంది. కోస్తా, రాయలసీమ జిల్లాలకి అది వర్తించింది కూడా. ఎందరు చెప్పారు? క్షయ రోగిని నమోదు చెయ్యడం తప్పనిసరి అని కేంద్రం మళ్ళీ ప్రత్యేకంగా ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది, 2012 మేలో. చెప్పకపోతే శిక్ష ఉంటుందని 2018లో మరోసారి. రోగి పేరు బయటపడితే పక్క క్లినిక్కుకి పోతాడన్న భయం డాక్టరుది, నలుగురికీ తెలిస్తే పరువు పోతుందన్న భయం రోగిది. ఈ రెండు భయాలూ తీర్చే ఒప్పందం ఏదైనా ఉంటే చెప్పమనండి, నేనే ముందు చప్పట్లు కొడతాను. అది పెద్ద ఆసుపత్రితో కాదు, ఆ వీధి డాక్టరుతో చేసుకోవాలి. రిబ్బను కత్తిరించే సభ దానికి ఉండదు, అందుకే కాబోలు ఎవరికీ ఆసక్తి లేదు.

చివరగా తట్టు కథ మిగిలిపోయింది. 1997 తర్వాత జారవాలు అడవి నుంచి బయటికి రావడం మొదలుపెట్టారు. 1999లో వాళ్ళకి తట్టు సోకింది, దాని వెంట న్యుమోనియా. సరిగ్గా 1877 పరిస్థితే: ఎప్పుడూ ఆ జబ్బు చూడని జనం, పక్కనుంచే పోయే అండమాన్ ట్రంక్ రోడ్డు, బస్సుల నిండా మనం. ఈసారి సర్కారు డాక్టర్లు కదమ్‌తలా ఆరోగ్య కేంద్రంలోనూ, జి.బి. పంత్ ఆసుపత్రిలోనూ వాళ్ళని విడిగా ఉంచి వైద్యం చేశారు. వందకు పైగా జారవాలు వైద్యం పొంది అడవికి తిరిగి వెళ్ళారు. 2006లో మళ్ళీ వచ్చింది. రోడ్డు మాత్రం అలాగే ఉంది.

ఇక గ్రేట్ అండమానీయులు. 2020 ఆగస్టులో, యాభై మందికి కాస్త పైగా మిగిలిన ఆ తెగలో, పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంటున్న ఆరుగురికి కోవిడ్ తేలింది. మిగతావాళ్ళు స్ట్రెయిట్ దీవిలో ఉంటారు. ఆరోగ్య శాఖ మనుషులు గాలీ వానా మధ్య పడవలో అక్కడికి వెళ్ళి 37 మంది నమూనాలు తీశారు. నలుగురికి ఉందని వచ్చింది. ఆ నలుగురినీ పోర్ట్‌బ్లెయిర్ ఆసుపత్రికి తీసుకొచ్చారు. మిగతావాళ్ళు ఒకరికొకరు దూరంగా ఎలా ఉండాలో చెప్పి, పడవ తిరిగి వచ్చింది.